కళ్లములోని పొల్లు: ఒక అరామిక్ పదము



బబులోను నేలిన నెబుకద్నెజరు తన ప్రభుత్వమున రెండవయేట ఒక కల గని, కలతచెంది, నిద్రకు దూరమై, ఆస్థానమునందలి మాంత్రికులను శకునజ్ఞులను రావించి, కలకు అర్థము చెప్పుట చాలదు, ఆ కల యెట్టిదో కూడ మీరే చెప్పవలెనని శాసించినట్లు దానియేలు గ్రంథము రెండవ యధ్యాయమున నున్నది. కలను చెప్పినచో అర్థము చెప్పెదమని వారు పలుమారులు విన్నవించుకొనిరి, రాజు వినలేదు. తుదకు యూదుల చెరలోనుండి వచ్చిన దానియేలను యువకుడు ఆ కలను చెప్పెను. మేలిమి బంగారపు శిరస్సు, వెండి వక్షస్సు, కంచు ఉదరము, ఇనుప కాళ్లు, కొంత ఇనుము కొంత మట్టియునైన పాదములు గల మహావిగ్రహ మొకటి రాజు నెదుట నిలిచియుండగా, మానవహస్తము సోకక కొండనుండి ఊడివచ్చిన శిల యొకటి దాని పాదములను తాకెను. తాకినంతనే ఇనుము మొదలు బంగారము వరకు నున్న సమస్తమును ఏకకాలమున నుగ్గయి గాలికి ఎగిరిపోయి, వాటి జాడ యెచ్చటను కానరాలేదు. ఆ శిల మాత్రము పర్వతమై పెరిగి భూమినంతయు నిండెను.

ఆ నుగ్గును దేనితో పోల్చవలెనని గ్రంథకర్తకు ప్రశ్న పుట్టినపుడు ఆయన ఇసుకను తలపలేదు, దుమ్మును తలపలేదు. వేసవికాలపు కళ్లములకు పోయి, అచ్చట గాలిలో తేలిపోవునట్టి ఒక పదార్థమును తెచ్చి పోలిక చెప్పెను. దాని పేరు అరామిక్ భాషలో ‘ఊర్’. ఈ చిన్నమాట బైబిలునందలి అరామిక్ భాగములన్నింటిలోను ఈ యొక్క చోటనే కలదు, మరెచ్చటను లేదు. ఒక్కసారి మాత్రము కనబడి మాయమైన మాటకు అర్థము చెప్పుట యెట్లు అనునదియే నేటి మన ప్రసంగవిషయము.

ముందుగా భాషను గూర్చి రెండు మాటలు. దానియేలు గ్రంథము హెబ్రీభాషలో మొదలై, రెండవ యధ్యాయము నాలుగవ వచనమున, రాజసభలోని జ్యోతిష్కులు నోరు విప్పినంతనే, అరామిక్ భాషలోనికి మారి, ఏడవ యధ్యాయము ముగియువరకు ఆ భాషయందే సాగును. 1947లో మృతసముద్ర తీరమున దొరకిన మొదటి గుహలోని తోలుచుట్టలలో దానియేలు గ్రంథపు తునుక యొకటి యున్నది. ఈ భాషామార్పు అందును సరిగా ఈ చోటనే కలదు గనుక, ఇది తరువాతివారి అతుకు కాదని తేలినది. పారసీక చక్రవర్తుల కాలమున అరామిక్ భాష ఈజిప్టు మొదలు సింధునది వరకు కచేరీభాషగా చెల్లినది. మన కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై ప్రాకృతమున ధర్మలిపి చెక్కించిన అశోకుడే, కాందహారున తన ధర్మబోధను గ్రీకుతో పాటు అరామిక్ భాషయందును చెక్కించెను. ఆ ద్విభాషాశాసనము 1958లో బయటపడినది. కావున ఈ భాష మనకు మిక్కిలి దూరపుదని అనుకొనుటకు వీలులేదు.

‘ఊర్’ అనగానే తెలుగువాని చెవికి మన ఊరు వినబడును. బైబిలు చదివినవారికి అబ్రాహాము విడిచివచ్చిన కల్దీయుల ఊరు పట్టణము స్ఫురించును. రెండింటితోను దీనికి సంబంధము లేదు. ఆ పట్టణపు పేరు వేరొక అక్షరముతో ఆరంభమగును. మన పదమునకు ఆద్యక్షరము ‘ఆయిన్’ అనబడు కంఠ్యవర్ణము. గొంతు లోపలి భాగమును బిగించి పలుకవలసిన ఆ ధ్వనికి తెలుగులో అక్షరము లేదు గనుక, మనము వ్రాయునది సగము మాట యనియే చెప్పవలెను.

చిక్కు అంతటితో తీరలేదు. సెమిటిక్ లిపులు ప్రధానముగా హల్లులను మాత్రమే వ్రాయును. అచ్చులను చదువరి తన తెలివితో పూరించుకొనవలెను. ఆయిన్, వావ్, రేష్ అను మూడక్షరములే ఈ పదమునకు దేహము. ఇవే అక్షరములను హెబ్రీలో ఒకవిధముగా పలికిన చర్మమగును, మరియొకవిధముగా పలికిన గ్రుడ్డివాడగును. క్రీస్తుశకము 7వ శతాబ్దినుండి 10వ శతాబ్దివరకు తిబెరియ మొదలగు పట్టణములలో పనిచేసిన మసొరెతు పండితులు అక్షరములకు క్రిందను మీదను చుక్కలు గీతలు పెట్టి, తరతరములుగా వచ్చిన పఠనమును నిలువబెట్టినందున ఇది ‘ఊర్’ అని మనకు నిస్సంశయముగా తెలియుచున్నది. మన వైయాకరణులు అచ్చులేని హల్లును ‘పొల్లు’ అనుచున్నారు. గింజలేని ధాన్యమును కూడ రైతు పొల్లు అనుచున్నాడు. ప్రాణము లేనిదియే పొల్లు అను ఈ భావము మనవారికి ఏ కళ్లమున తట్టినదో గాని, పొల్లులతోనే వ్రాయబడిన భాషలో పొల్లునకే పేరైన మాటను వెదకు నాకు ఇది మిక్కిలి ముచ్చటగా తోచినది.

ఇక నిఘంటువుల సాక్ష్యము. అరామిక్ భాషకు ఉత్తరకాలమున ప్రాచ్యక్రైస్తవుల చేతిలో సాహిత్యభాషగా వర్ధిల్లిన సిరియాక్ నందు ‘ఊరా’ యను రూపము ఇదే యర్థమున కలదు. అరబ్బీలో దీనికి పోల్చదగిన ‘ఉవ్వార్’ అను మాటకు కంటిలో పడి బాధించు నలుసు అని అర్థమని నిఘంటుకారులు చూపుచున్నారు. తూర్పారబట్టు చోట గాలికి ఎదురుగా నిలిచినవాడు మొట్టమొదట చేయు పని కన్నులు నులుముకొనుటయే గదా. ధాన్యపు తునుక యని చెప్పక, దాని వలన కంటికి కలుగు బాధనుబట్టి పేరు పెట్టిన జాతులుండిన నుండవచ్చును. ఇది ఊహయే గాని వట్టి ఊహ కాదు. ధాతుసామ్యము దానికి కొంత ఊతమిచ్చుచున్నది.

నిఘంటువులు మనలను ఇంతవరకు తెచ్చి విడిచినవి. ఇక మీది దారి కళ్లమునుండియే సాగవలెను. ‘ఊర్’ వెంట ఆ వాక్యమున మరి మూడు మాటలు కాపున్నవి: ఇద్రే, కయిత్, రూహా, అనగా కళ్లములు, వేసవి, గాలి. వీనిలో వేసవిని మనము తేలికగా తీసివేయరాదు. మన డెల్టాలో వరికుప్పలు నూర్చుట పుష్యమాఘములలో. తెల్లవారుజామున మంచు కురియును, గడ్డి మెత్తబడును, ప్రొద్దెక్కి ఆరినదాక పని సాగదు. టైగ్రిస్ యూఫ్రెటిసు నదుల నడిమి సీమలో ప్రధానపు పంట యవలు. చౌడుకు ఓర్చునది గనుక గోధుమకంటె అదియే అచ్చట ఎక్కువగా నిలిచినది. కోతలు వసంతము చివర జరుగును. నూర్పిడి వానచినుకు లేని వేసవిలో. పాలస్తీనాలోను ఇంచుమించు ఇదే క్రమము. 1908లో గెజెరు అనుచోట దొరకిన, క్రీస్తుపూర్వము 10వ శతాబ్దిదని తలపబడు చిన్న సున్నపురాతి పలకపై సంవత్సరపు సేద్యపుపనులు మాసములవారీగా చెక్కబడియున్నవి. అందు యవల కోతకు ఒక మాసము, తుదను వేసవిఫలములకు ఒక మాసము చెప్పబడినది. ఆ వేసవిమాటయే, హెబ్రీలోని చివరి హల్లు అరామిక్ లో మారగా, మన దానియేలునందలి ‘కయిత్’ అయినది.

ఆ దేశపు కళ్లము ఊరిబయట మెరకచోట నుండును. గాలి ఆటంకములేక వీచుటకే ఆ మెరక. నేలను చదునుచేసి, తడిపి, అదిమి గట్టిచేసి, దానిపై పనలు పరచి ఎద్దులచే త్రొక్కింతురు. లేదా క్రిందివైపున వాడిరాళ్లు పొదిగిన బరువైన చెక్కపలకను ఎద్దులకు కట్టి త్రిప్పుదురు. ఆ పలక క్రింద కంకులు రాలుటయేగాక గడ్డికూడ తునుకలగును. పిమ్మట గాలివాటము చూచుకొని, పండ్లకొయ్యతో ఆ రాశిని ఎగురవేసిన, బరువైన గింజ నేరుగా పాదములచెంత పడును. గడ్డితునుకలు కొంత ఎడముగా పడి వేరు కుప్పగా నిలుచును. కంకిముళ్లును, గింజను అంటియుండిన పొరలును, ఎండి నలిగిన ఆకుల నుసియును ఏ కుప్పలోను చేరక గాలితో పోవును. సముద్రపు గాలి వీచు సాయంకాలము ఈ పనికి అనుకూలమని అచ్చటివారు ఎరుగుదురు; రూతు కథలోని బోయజు యవలు తూర్పారబట్టినది రాత్రివేళనే.

ఇందు గమనింపవలసిన దేమన, గడ్డితునుకలు పారవేయబడవు. అవి పశువులకు మేత. బంకమట్టిలో కలిపి ఇటుకలు కోయుటకు సాధనము. ఐగుప్తులో ఇశ్రాయేలీయులకు ఇటుకలపని కష్టమగుటకు గడ్డి ఇయ్యక మానుటయే కారణమని నిర్గమకాండ చెప్పుచున్నది. ఆ గడ్డికి వేరే పేరున్నది, దానిని దాచుకొను గాదెలున్నవి. ‘ఊర్’ కు మాత్రము కుప్ప లేదు, గాదె లేదు, దానిని కొలిచెడువాడును లేడు. విగ్రహపు నుగ్గుకు ఎచ్చటను చోటు దొరకలేదని దానియేలు చెప్పిన మాట అలంకారము కొఱకు చెప్పినది కాదు. కళ్లమునెరిగినవాడు ‘ఊర్’ ను గూర్చి చెప్పదగిన మాటయే అది.

ఈ దృష్టితో పూర్వులు చేసిన అనువాదములను చూచిన, ఎవరు కళ్లమునకు దగ్గరగా నిలిచిరో, ఎవరు దూరమైరో తెలియును. గ్రీకున దానియేలునకు రెండనువాదములున్నవి. వానిలో ప్రాచీనమైనది, క్రైస్తవసంఘముచే చాలకాలము ఉపేక్షింపబడి, 1931లో వెలుగులోనికి వచ్చిన ఈజిప్టు పాపిరసు మూలమున మరల పండితుల యాదరణకు పాత్రమైనది. ఆ యనువాదకుడు, కళ్లమునందలి గడ్డిపొట్టు కంటెను సూక్ష్మమైనదని చెప్పెను. ఆయనకు తన భాషలో సరియైన మాట చిక్కలేదు; ఉన్న మాట గడ్డితునుకలకును చెల్లునట్టిది; కావున ‘కంటెను సూక్ష్మము’ అని ఒక మెట్టు దిగి, తన భాషయందలి లోపమును తానే సవరించుకొనెను. నాకు ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది. థియొడోషను పేరిట ప్రసిద్ధమై, సంఘము స్వీకరించిన రెండవ యనువాదము ధూళి యని తేల్చివేసినది. ధూళి గాలికి ఎగురును, నిజమే. కాని ధూళి ధాన్యమునుండి పుట్టదు, ఒకప్పుడది గింజను కప్పియుండలేదు.

4వ శతాబ్ది చివర బెత్లెహేమున కూర్చుండి లాటిన్ బైబిలును కూర్చిన జెరోము ఈ గ్రంథముతో పడిన పాట్లను తానే వ్రాసికొనినాడు. సిసెరో వాక్యముల మాధుర్యమునకు అలవాటుపడిన నాలుకకు ఈ కంఠ్యధ్వనులు కొరుకుడుపడక, విసుగుపుట్టి, గ్రంథమును మూసివేయబోయినాడట. యూదుడొకడు పట్టుదలకు లొంగనిది లేదని ధైర్యము చెప్పగా మరల మొదటినుండి నేర్చుకొనెను. అయినను, చదివి గ్రహింపగలనుగాని చక్కగా పలుకలేనని నిష్కపటముగా ఒప్పుకొనినాడు. ఇంత శ్రమపడినవాడు మన పదమునకు వేసిన మాట ‘ఫవిల్లా’, అనగా నివురు. వేసవి కళ్లమునందలి నివురు! ఏల ఇట్లు వ్రాసెను? పొల్లును తగులబెట్టుట ఆ దేశమున వాడుకయే. బాప్తిస్మమిచ్చు యోహాను ఉపదేశమున సైతము కళ్లము చివర మంటయున్నది. ఆ మంట జెరోము మనస్సున మెదలియుండును. కాని దానియేలు కథలో నిప్పు లేదు. ఉన్నదెల్ల రాయి, గాలి.

నివురును అనుసరించినవారు ఇంకను దూరము పోయిరి. 14వ శతాబ్దాంతమున విక్లిఫు పేరిట వెలసిన ఆంగ్లానువాదము లాటిన్ నుండియే చేయబడినది. కళ్లమునకు లాటిన్ నందలి మాట ‘ఆరెయా’. దానికి ఖాళీస్థలమనియు అర్థము కలదు. మనము నేడు ఏరియా యని వ్యవహరించు మాటకు అదియే మూలము. పాపము, ఆ యనువాదకులు దానిని విశాలమైన వేసవి మందిరముగా భావించి, మహావిగ్రహమును ఆ మందిరములోని ఆరిన నిప్పురవ్వగా మార్చిరి. కళ్లము పోయినది, ధాన్యము పోయినది. మిగిలినది ఒక దొరగారి హాలు, అందొక చల్లారిన పొయ్యి. ప్రతి మెట్టునను అనువాదకుడు తన ముందున్న మాటకు నిఘంటువున చెల్లు అర్థమునే చెప్పినాడు. ఎవరిదియు పెద్దతప్పని అనుటకు వీలులేదు. లూథరు జర్మనుభాషలోను, 1611 నాటి ఆంగ్లపండితులు తమ భాషలోను మరల మూలమునకు మరలి, కళ్లమును దాని పొల్లును యథాస్థానమున నిలిపిరి.

ఇంతకును ఈ పోలికలోని చమత్కారము బరువునందున్నది. తూర్పారబట్టుట యనగా బరువుచేత విడదీయుట. బంగారము నీటికి సుమారు 19 రెట్లు బరువు. వెండి, కంచు, ఇనుములును తేలికవి కావు. నిజమునకు కళ్లమున బంగారమును ఎగురవేసిన గింజకంటె ముందుగా పాదములచెంత పడవలసినది. లోకమున అన్నిటికంటె బరువైనదిగా ఎంచబడునది ఇచ్చట అన్నిటికంటె తేలికయైనది. శిల తాకిన పిదప త్రాసు తలక్రిందులైనది. యెషయా గ్రంథమున ఇశ్రాయేలు కొత్త నూర్పుపలకయై కొండలను పొల్లు చేయునని యున్నది. అచ్చట హెబ్రీమాట ‘మోత్స్’. దానియేలు ఆ చిత్రమును ఎరిగియే త్రిప్పి, కొండను నిలిపి సామ్రాజ్యములను పొల్లుచేసెనని కొందరి యభిప్రాయము. ఈ గ్రంథము నేటి రూపమును పొందినది క్రీస్తుపూర్వము 2వ శతాబ్దిలో, గ్రీకురాజుల ఒత్తిడికి యూదులు నలుగుచున్న దినములలోనని పలువురు పండితులు తలంచుచున్నారు. నలుగుచున్నవారు నలిపెడివారిని గూర్చి చెప్పుకొన్న కథలో ఈ పోలిక ఎంత వాడిగా నుండెనో ఊహించుకొనవచ్చును. ఇంకొకటి: ధాన్యమున్నచోట గడ్డి తప్పనట్లే కలయున్నచోట వట్టిమాటలును తప్పవని తల్మూదు పెద్దలు చెప్పిరి. కలలోనే పొల్లు కనబడిన ఈ రాజును వారు తలచుకొనిరో లేదో!

ఇక తెలుగున ఏమనవలెను? ఈ విషయమున మనకు దారిద్ర్యము లేదు. ఉన్న చిక్కెల్ల సమృద్ధివలననే. ఊక యనవచ్చునా? ఊక దంపినపుడో మరపట్టినపుడో పుట్టునది గాని కళ్లమున పుట్టునది కాదు. పైగా దానిని పొయ్యిలోనికి, ఇటుకబట్టీలోనికి కొనిపోవుదురు. దానికి చోటున్నది, వెలయున్నది. తవుడు పశువులకు దాణా. తాలు గింజరూపమున నుండును, లోపల బియ్యముండదు. అదియు చేటచెరుగునపుడు చేతికి దొరకును. పొట్టు మంచిమాటయే, కాని అది కందులకు పెసలకు ఎక్కువగా అంటుకొన్నది; అంతకుమించి తెలుగు బైబిలున దానికి వేరొక బాధ్యత అప్పగింపబడినది. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడు పందులు తిను పొట్టునకు ఆశపడినట్లు మనము చదువుచున్నాము. గ్రీకుమూలమున నున్నది ‘కెరాతియోన్’, చిన్నకొమ్ము; అనగా మధ్యధరా తీరమున పెరుగు ఒక చెట్టు కాయ. సిరియాక్ లో దానిని ‘హర్రూబా’ యందురు. అది తియ్యని గుజ్జుగల కాయయే గాని ధాన్యపు పొట్టు కాదు. ఆ కాయ గింజలతో విలువైన వస్తువులను తూచెడివారనియు, బంగారపు నాణ్యతను చెప్పు క్యారట్ అను మాట ఆ గ్రీకుపేరునుండి అరబ్బీ మీదుగా వచ్చినదనియు భాషావేత్తలు చెప్పుచున్నారు. పందుల మేతకును బంగారపు కొలతకును ఒకే మాట మూలమగుట నెబుకద్నెజరు వినియుండిన సంతోషించియుండడు.

నలుసు అనిన ఎట్లుండును? అరబ్బీ సామ్యమునకు అద్దినట్లు సరిపోవును. కంటికి బాధ, గాలిలో తేలిక, రెండును అందున్నవి. కాని మన స్త్రీలు కడుపున ఒక నలుసు పడినదని ఎంతో ఆపేక్షతో చెప్పుకొందురు. ఆశతో ఎదురుచూచెడు బిడ్డకు చెల్లు మాటను, చోటులేక పోయెడు సామ్రాజ్యమునకు వాడుటకు నా మనస్సు ఒప్పలేదు. దుమ్ము ధూగర యనిన థియొడోషను దారి పట్టినట్లగును. ఇవన్నియు చెరిగి చూచిన పిమ్మట పొల్లు అను మాటయే నిలుచునని నా అభిప్రాయము. అది గింజను వీడినది, ప్రాణములేనిది, కళ్లముననే పుట్టి కళ్లముననే పోవునది. పొల్లుపోకుండ చెప్పుట యని మనము వాడు పలుకుబడిలో, లెక్కకు రాని అతిస్వల్పము అను భావము కూడ దానికి చేరియున్నది. దీనికంటె మంచిమాట ఉత్తరాంధ్రలోనో, తెలంగాణపు జొన్నకళ్లములలోనో ఉండవచ్చును. ఆ మాట నెరిగిన శ్రోతలు తెలిపిన నేను సంతోషముగా మార్చుకొందును.

కాని ఏ మాట పెట్టినను, పక్కనున్న పదమును గూర్చి ఒక్క విన్నపము. గ్రీకున థియొడోషనును, లాటిన్ న జెరోమును కళ్లమును ఏకవచనమున వ్రాసిరి. అరామిక్ మూలమున అది బహువచనము: ఇద్రే, కళ్లములు. ఒక రైతు కళ్లమునుండి ఎగిరిన పొల్లు కాదది. వేసవిలో ఊరూర, మెరక మెరకపై, ఒకే గాలికి దేశమంతట ఎగురు పొల్లు. నాలుగు లోహములును మట్టియునై నిలిచిన అంత విగ్రహమునకు ఒక్క కళ్లము చాలదు గనుక, వేసవి కళ్లములలోని పొల్లు అని బహువచనముతోనే తెలుగు చేయవలెనని నా మనవి.